తెర వెనక బ్రోమిన్

నన్ను కాలేజీకి పంపడానికి మా బాపు పెట్టిన షరతు ఒక్కటే, పర్దా. లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందు పర్దా కట్టిన రిక్షా ఎక్కాలి, మూసీ ఒడ్డున కాలేజీ గేటు లోపల దిగాలి, క్లాసులో తెర వెనక కూర్చోవాలి. తెర దాటిన రోజు చదువు బందు. ఈ మాట ఆయన నాకు చెప్పలేదు. మా పెద్దబాపుకు, అంటే తన సొంత అన్నకు, కులపెద్దలు నలుగురి ముందర చెప్పి వచ్చాడు. నాకు చెప్పి ఉంటే ఏడ్చో అలిగో మార్పించేదాన్ని. పెద్దబాపుకు ఇచ్చిన మాట తప్పడం మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఎరగరు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, మేం పాలు అమ్ముకునేవాళ్లం. మా అవ్వ, అంటే అమ్మ, పొద్దున్నే నెత్తిన ఇత్తడి బిందె పెట్టుకుని ఛత్రినాక దాకా ఇల్లిల్లూ తిరిగి పాలు పోసొచ్చేది. ఆమె ముఖం చూడని మగవాడు ఆ గల్లీల్లో లేడు. పర్దా మా ఇళ్లలో లేనే లేదు, అది దేవిడీల్లో ఉండే పెద్దింటి ఆడవాళ్ల వ్యవహారం. కానీ పాలవాడి కూతురు కాలేజీకి పోతోందంటే నలుగురూ బుగ్గలు నొక్కుకుంటారు. పర్దాలో పోతోందంటే మాత్రం "అబ్బో" అంటారు. బాపు ఆలోచన అది. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా చదువు కావాలి కనుక నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో రాని విద్య, ఆ రెండేళ్లూ ఎలా మూసుకున్నానో నాకే ఆశ్చర్యం.

సైన్సు క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా ఒక్కదాని కోసం లాబ్‌లో వెనక మూలన కొయ్య చట్రం గోడకు దిగ్గొట్టి, దాని మీద దళసరి ఆకుపచ్చ గుడ్డ కట్టారు. వెనకాల ఒక బల్ల, ఒక స్టూలు. అక్కడ కిటికీ ఉంది గానీ అది రోడ్డు వైపుది. బయటివాళ్లు తొంగి చూస్తారని అద్దాలకు నల్లరంగు పూసేశారు. కాసేపు కూర్చుంటే కళ్లు అలవాటుపడి అక్షరాలు కనిపించేవి. కుర్రాళ్ల బల్లలు పడమటి కిటికీల పొడవునా ఉండేవి. వాళ్లేం చేస్తున్నారో నాకు కనపడదు, వినపడుతుంది అంతే. సామాన్లు కావాలంటే లాబ్‌లో పనిచేసే ముసలాయన తెర కింద నుంచి లోపలికి జరిపేవాడు. ఆయన్ని నేను చాచా అనేదాన్ని.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మాకు కెమిస్ట్రీ చెప్పే సార్ ఉర్దూలో పాఠం చెప్పేవారు. ఆ వానాకాలం ఆయన మా పుస్తకంలో లేని కొత్త పాఠం ఒకటి ఎత్తుకున్నారు. పారఫిన్లని కొన్ని పదార్థాలున్నాయి, మహా బద్ధకపువి, ఆమ్లం పోసినా కదలవు, క్షారం పోసినా కదలవు అని మొదలుపెట్టారు. క్లోరిన్, బ్రోమిన్ లాంటివి కలిపి వెలుగులో పెడితే మాత్రం అవీ లేచి కూర్చుంటాయట. ఎందుకంటే బ్రోమిన్ పరమాణువులు జంటలుగా ఉంటాయి, వెలుగు ఆ జంటను విడగొడుతుంది. విడిపోయిన ఒంటరిది ఊరుకోదు, పక్కనున్న పారఫిన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను గుంజుకుంటుంది. దాంతో పారఫిన్ ఒంటరిదవుతుంది. అది పోయి ఇంకో బ్రోమిన్ జంట మీద పడి ఒకదాన్ని లాక్కుంటుంది. ఆ జంటలో మిగిలింది మళ్లీ ఒంటరి. అది ఇంకో పారఫిన్ మీద పడుతుంది. ఒకసారి మొదలైతే, రెండు ఒంటరివి ఒకదానికొకటి తగిలి జతకట్టేదాకా ఈ గుంజులాట గొలుసుగా సాగుతూనే ఉంటుంది. ఆ ఒంటరివాటికి సార్ వాడిన పేరులో 'ఆజాద్', అంటే స్వతంత్రం, అనే మాట ఉంది. ఆ రోజుల్లో ఆ మాట క్లాసులో గట్టిగా అనడానికి ఆయనే జంకి గొంతు తగ్గించారు. కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. తెర వెనక నేనూ నవ్వాను. పాఠం నాకు తెగ నచ్చింది.

మంగళవారం ప్రాక్టికల్. హెక్సేన్ అనే పారఫిన్‌తో చేయాలి. నీళ్లలా తేటగా ఉంటుంది, పెట్రోలు వాసన. రెండు ట్యూబుల్లో అది పోసి, ఒకదానికి నల్ల కాగితం చుట్టి, రెంటిలోనూ అయిదేసి చుక్కలు బ్రోమిన్ ద్రావణం వేయాలి. టీ రంగు వస్తుంది. తరవాత "రోష్నీ మే రఖో" అన్నారు సార్, వెలుగులో పెట్టమని. కాగితం చుట్టని ట్యూబులో రంగు ఎన్ని నిమిషాలకు పోయిందో రాయాలి. పోయాక ట్యూబు మూతి మీద ఊదితే తెల్లటి పొగ రావాలి. తడిపిన నీలి లిట్మస్ కాగితం అక్కడ పెడితే ఎర్రబడాలి. హైడ్రోజన్ బ్రోమిన్‌తో కలిసి బయటికొస్తోందనడానికి అదే సాక్ష్యం.

నా రెండు ట్యూబులూ స్టాండులో పెట్టి చూస్తూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు కాకముందే అవతల నుంచి ఒక కేక వినిపించింది. "ఉడ్ గయా సార్! రంగ్ ఉడ్ గయా!" రంగు పోయిందట. ఆ వెంటనే ఇంకొకడు, ఇంకొకడు. నా ట్యూబులో ఏమీ లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. నల్ల కాగితం విప్పి పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే టీ రంగు.  ఉన్నదున్నట్టు 'రంగు పోలేదు' అని రాసి తెర కింద నుంచి బయటికి జరిపాను.

సార్ అవతల నుంచే అన్నారు, "ట్యూబులు శుభ్రంగా కడగలేదు."

తల కొట్టేసినట్టయింది. కడగడం రాదని నన్నా అనడం! పాల బిందె కడగడంలో తేడా వస్తే సాయంత్రానికి పాలు విరుగుతాయి. మా అవ్వ నాకు అక్షరాలకంటే ముందు నేర్పింది బిందె కడగడం. తరవాతి మంగళవారం గంట ముందే వెళ్లి, చాచా ఇచ్చిన నీళ్లతో తెర వెనకే ట్యూబులు మూడుసార్లు కడిగి, ఆరబెట్టి మరీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. ముప్పై నిమిషాలు గడిచినా టీ రంగు టీ రంగులాగే ఉంది. కాగితం చుట్టింది చుట్టినట్టే ఉంచి, రెండు ట్యూబులూ కడగడానికి తెర కింద నుంచి బయటికి జరిపాను.

 ఈసారి కుర్రాళ్లంతా వెళ్లిపోయాక సార్ తెర దగ్గరికొచ్చి నిలబడ్డారు. "బ్రోమిన్ సీసా అడుగంటింది. యుద్ధం వల్ల కొత్తది రాదు. వచ్చే మంగళవారం ఒక్కసారికి సరిపోతుంది" అన్నారు. ఆగి, "ఆడపిల్లకు లాబ్ ఎందుకని పైవాళ్లు ముందునుంచీ గొణుగుతున్నారు. ఈ ప్రయోగం కూడా కాకపోతే మిమ్మల్ని హిస్టరీకి మార్చమని రాయక తప్పదు. నా చేతుల్లో ఉండదు" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. అందుకే ఇంకా భయమేసింది. చెడ్డమనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

హిస్టరీకి మారితే బాపు ఒక్కరోజు కూడా పంపడు. మందులు తయారుచేసే చదువని చెబితేనే ఒప్పుకున్నాడు. రాజుల కథలు చదవడానికి రిక్షా ఎందుకంటాడు. స్టూలు మీద కూలబడి ఏడుస్తున్నాను.

అవతల చాచా తొట్టి దగ్గర ట్యూబులు కడుగుతున్న చప్పుడు ఆగింది. "ఏందమ్మా, నీది పోలేదని గంత లొల్లి జేసినవ్? యే దేఖో బేటీ, పోయింది గదా!" అంటూ తెర కింద నుంచి ట్యూబు జరిపాడు. అందులో ఉన్నది నీళ్లలా తెల్లగా ఉంది.

"ఇది నాదేనా చాచా?"

"నీదే. ఇగో, నల్ల కాగితంది గూడ. గది మాత్రం గట్లనే ఉంది."

"ఏడ పెట్టినవ్?"

"కడిగే కాడ, కిటికీల. ఇంకేడ పెడ్త?"

కుర్రాళ్లెవరూ లేరు కదా అని తెర పక్కకు తీసి చూశాను. పడమటి కిటికీ గట్టు మీద ఎండ పరుచుకుని ఉంది. బల్లలన్నిటి మీదా ఎండే. వెనక్కి తిరిగి నా మూల చూసుకున్నాను. నల్లరంగు అద్దాలు, ఆకుపచ్చ గుడ్డ. నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. పాఠమంతా వెలుగు గురించే. అది చెప్పిన సార్, అది బట్టీ పట్టిన నేను, ఇద్దరం తెలివిగలవాళ్లమే! రెండేళ్లుగా చూసిచూసి ఆ తెర మా అందరి కళ్లకూ గోడైపోయింది. గోడ వెలుతురుకు అడ్డమని ఎవరికి తోస్తుంది?

చాచాను పంపి సార్‌ను పిలిపించాను. మళ్లీ తెర వెనక్కి వెళ్లి నిలబడ్డాను. "సార్, నా ట్యూబులు శుభ్రంగానే ఉన్నాయి. ఇక్కడ ఎండ లేదు" అన్నాను. గొంతులో కోపం దాచుకోలేకపోయాను.  ఆయన తెర సందులోంచి లోపలికి చేయి పెట్టి, ఆ చీకటి ఎంతుందో చూసుకున్నారు. "సహీ హై" అన్నారు చివరికి, నిజమేనని.

నిజమైతే ఏం? చిక్కు అక్కడే మొదలైంది. చాచా చేత ట్యూబు కిటికీలో పెట్టించవచ్చా అని అడిగాను. "ఆయన కళ్లతో చూసింది మీ పేరు మీద నేను రాయలేను. మొదలైన క్షణం నుంచి మీరే చూడాలి" అన్నారు. కుర్రాళ్లు వెళ్లాక చేయవచ్చా అంటే, క్లాసు వేళలో అయిందే లెక్కకొస్తుందన్నారు. చట్రం కిటికీ దగ్గరికి మార్చవచ్చా అన్నాను. పైనుంచి ఉత్తర్వు రావాలి, ఈ వానాకాలం అయ్యేలోపు రాదు అన్నారు. చివరికి మెల్లగా చెప్పారు, "మీ నాన్నగారు వేలిముద్ర వేసిన కాగితం ఆఫీసులో ఉంది. పర్దా తప్పితే పేరు కొట్టేయమని ఆయనే రాయించారు. బయటికి రమ్మని నేను చెప్పలేను. రావద్దనీ చెప్పను."

ఆ వారం అన్నం సయించలేదు. తెర వెనక ఉంటే ప్రయోగం పోతుంది, చదువు పోతుంది. తెర దాటితే బాపు మాట పోతుంది, అప్పుడూ చదువు పోతుంది. ఆదివారం బిందెలు తోముతూ అవ్వకు అంతా చెప్పేశాను. ఆమెకు బ్రోమిన్ తెలియదు గానీ చిక్కు ఏమిటో మాత్రం వెంటనే పట్టేసింది.

"బాపుకు జెప్పు" అంది.

"జెప్తె వద్దంటడు. వద్దన్నంక పోతె ఇంక పెద్ద తప్పు గాదా?"

అవ్వ బిందె బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "నీకేది తోస్తె అది జెయ్, బిడ్డా. అబద్ధం మాత్రం ఆడకు. ఏం జేసినా, ఇంకెవ్వరో వచ్చి బాపు చెవుల ఊదకముందే నువ్వే జెప్పు." చేయమందో వద్దందో నాకు తేలలేదు. ఆమె మీద కోపమొచ్చింది. అందరూ నా మీదికే నెట్టేస్తున్నారనిపించింది.

మంగళవారం పొద్దుటి నుంచి ముసురు. రిక్షా పర్దా సందులోంచి మబ్బులే కనిపించాయి. ఎండే లేకపోతే తెర దాటి ఏం లాభం? లాబ్‌లో చాచా సీసా తెర కింద నుంచి జరుపుతూ "ఇగ అయిపోయింది, పైలం" అని జాగ్రత్త చెప్పాడు. చుక్కలు లెక్కపెట్టి వేశాను. ఒక చుక్క తప్పి బల్ల మీద పడింది, ఘాటు ముక్కులోకి ఎక్కింది. నాలుగింటికి క్లాసు అయిపోతుంది. మూడుంబావు అయింది. మూడున్నర. తెర అంచు వేలితో జరిపి చూస్తున్నాను. కిటికీలన్నీ బూడిద రంగులో ఉన్నాయి.

పావు తక్కువ నాలుగుకు నేల మీద కిటికీ ఊచల నీడలు పడ్డాయి. ఎండ!

ఇప్పుడు అందరూ అడుగుతారు, ఆ క్షణాన ఏమనుకున్నావు అని. ఏమీ అనుకోలేదు. ఎంతసేపుంటుందో తెలియని ఎండ అది, ఆలోచిస్తూ కూర్చుంటే పోతుంది. రెండు ట్యూబులూ పట్టుకుని తెర తోసుకుని బయటికొచ్చాను. ఎదురుగా పదిహేను మంది కుర్రాళ్లు. రెండేళ్లు గొంతులతో ఎరిగినవాళ్లను మొదటిసారి ముఖాలతో చూశాను. ఒకడి చేతిలో గాజు కడ్డీ కిందపడి పగిలింది. ఎవడో నవ్వబోయాడు, సార్ ఒక్క చూపు చూశారు.  పరుగెత్తి మళ్లీ తెర వెనక్కి పోవాలనిపించింది. కిటికీ దగ్గరున్న కుర్రాడు తన స్టాండు పక్కకు జరిపి చోటిచ్చాడు. నల్ల కాగితం చుట్టింది ఒక పక్కన, చుట్టనిది ఎండలో పెట్టాను. సార్ గడియారం తీశారు.

నిమిషం. ఏమీ లేదు. మబ్బు కప్పింది. గది చీకటయింది.  దేవుడా, ఇంత చేసీ ఇదేనా అనుకున్నాను. మబ్బు తొలిగింది. ట్యూబులో పైన, అంచు దగ్గర, టీ రంగు పలచబడినట్టనిపించింది. నా ఆశ వల్ల అలా కనిపిస్తోందేమోనని కళ్లు నులుముకున్నాను. పలచబడుతోంది. పసుపైంది. ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు, చూస్తుండగానే నిమ్మరసంలా అయి, నీళ్లలా అయిపోయింది. మూతి మీద ఊదాను. తెల్లటి పొగ! లిట్మస్ కాగితం పెడితే నా వేళ్ల మధ్యే ఎర్రబడింది. నల్ల కాగితం విప్పాను. అందులో టీ రంగు చెక్కుచెదరలేదు.

"ఎన్ని నిమిషాలు?" అన్నారు సార్.

"నాలుగున్నర సార్, మబ్బు పట్టిన ఒకటిన్నర తీసేసి" అన్నాను. ఆయన తన గడియారం చూసుకుని, నా కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. సంతోషంతో ఏడుపొచ్చింది. తెర వెనక్కి పోయి ఏడవాలని కూడా తోచలేదు, అక్కడే నిలబడి ఏడ్చాను.

రిక్షాలో మాత్రం సంతోషం శాలిబండ దాకా కూడా నిలవలేదు. ఆ కుర్రాళ్లలో ఇద్దరు మా పాలు తాగే ఇళ్లవాళ్లని వాళ్ల గొంతులను బట్టి నాకు ముందే తెలుసు. రేపటికల్లా వార్త పెద్దబాపు అరుగెక్కుతుంది. ఇంటికి పోయేసరికి బాపు పశువులకు కుడితి పెడుతున్నాడు. పుస్తకాలు కూడా కింద పెట్టకుండా చెప్పేశాను. "బాపూ, నేనియ్యాల పర్దా దాటిన. పదిహేను మంది మొగోళ్లు నన్ను జూసిండ్రు."

బాపు కుడితి బకెట్ కింద పెట్టాడు. "ఎందుకు?" అన్నాడు.

చెప్పాను. బ్రోమిన్ జంట గురించి, ఎండ దాన్ని విడగొట్టడం గురించి, ఒంటరివి గుంజుకోవడం గురించి, మూల చీకటి గురించి, సీసా అడుగంటడం గురించి. ఉర్దూలో నేర్చుకున్నది మా ఇంటి మాటల్లోకి తేవడానికి తడుముకుంటూ చెప్పాను. ఆయన ఆగమనలేదు.

"ఎండ తగలకుంటె కానే కాదా?"

"కాదు బాపూ. ఎంతసేపు బెట్టినా కాదు."

"దీపం బెడితె?"

"గా పెట్రోలు వాసన దానికి మంట తగిలితె భగ్గుమంటది."

"ఎండల బెట్టినంక అయిందా పని?"

"అయింది. సారు సంతకం బెట్టిండు." కాగితం చూపించాను. బాపుకు చదవడం రాదు. సంతకం మీద వేలు పెట్టి కాసేపు చూసి, మడత పెట్టి తిరిగిచ్చాడు.  బకెట్ ఎత్తుకుని గేదె దగ్గరికి పోయాడు. ఆ తరవాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. నా పేరు కొట్టేయించడానికి రేపు కాలేజీకి వస్తాడనుకున్నాను. పుస్తకాలన్నీ ఒక గుడ్డలో మూట కట్టేశాను.

తెల్లవారాక ఎప్పటిలాగే రిక్షా వచ్చింది. బాపు వాకిట్లోనే దాన్ని ఆపి, ఇక రావద్దని పంపేశాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. బాపు తలపాగా చుట్టుకుని నా వైపు తిరిగాడు. "పుస్తకాలు తెచ్చుకో. టైమైతుంది, నడువు" అన్నాడు.

ముఖం మీద కొంగు కప్పుకోబోయాను. "వద్దు" అన్నాడు. ఆయన ముందు, నేను వెనక. ఎప్పుడూ పర్దా సందులోంచి ముక్కలుముక్కలుగా చూసిన గల్లీ అది. మా గల్లీ మలుపులోనే పెద్దబాపు ఇల్లు. అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. బాపు వేరే గల్లీలోంచి పోవచ్చు. పోలేదు.

"ఏందిరా? రిక్షా ఏది? పర్దా ఏది?" అన్నాడు పెద్దబాపు.

బాపు ఆగాడు.  "తీసేసిన అన్నా. నీకు మాటిచ్చిన, తప్పిన. తప్పింది నేను, పిల్ల గాదు. దాని చదువుకు ఎండ గావాలె" అన్నాడు.

పెద్దబాపు వేపపుల్ల ఉమ్మేసి, లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ నేల చూపులు చూశారు. పెద్దబాపు చనిపోయేదాకా బాపుతో మళ్లీ మాట్లాడలేదు. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. బాపు ఒక నిమిషం ఆ తలుపుకేసి చూసి, నడక సాగించాడు. శాలిబండ, చార్మినార్, పత్తర్‌గట్టి దాటుకుంటూ నడిచాం.

కాలేజీ చేరాక బాపు ఆఫీసులోకి పోయి, పాత పర్దా కాగితం కొట్టేయమని వేలిముద్ర వేసి వచ్చాడు. గేటు దగ్గర తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "దారి జూసినవు గదా, బిడ్డా. మాపటికి నువ్వొక్కదానివే రా" అని, పాలు పోసే వేళ మించిపోతోందని గబగబా వెనక్కి వెళ్లిపోయాడు.